ధర, మవర

పైథాన్‌లో ఒక వాక్యాన్ని మాటలుగా విడగొట్టడానికి అందరూ వాడే సూత్రం ఒకటుంది. 'రీ' మాడ్యూల్ తెరిచి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ అని కొడితే చాలు. దానికి 'ధర్మవరం' అని ఇచ్చి చూడండి. 'ధర', 'మవర' అని రెండు ముక్కలు చేతికొస్తాయి. పట్టుచీరల ఊరు కదా, ముందు ధర అడుగుతోంది అని మా ఊళ్లో నవ్వుకోవచ్చు. అసలు సంగతేమిటంటే ఆ సూత్రం అక్షరాలనూ అంకెలనూ అండర్‌స్కోర్‌నూ మాత్రమే మాటలో భాగంగా చూస్తుంది. పొల్లు, సున్నా, గుణింతపు గుర్తులు దాని లెక్కలోకి రావు. 'రాముడు' అని ఇస్తే ర, మ, డ మిగులుతాయి. 'రెగెక్స్' అనే వేరే మాడ్యూల్ తెచ్చుకుంటే ఈ తంటా ఉండదు. కానీ ఆ సంగతి తెలియకుండానే ఎన్ని వెతుకుడు పెట్టెలు తయారైపోయాయో!

లైబ్రరీల పుస్తకాల పట్టీలు తీసుకుని, బయటి సర్వీసులతో పోల్చి, ఖాళీలు నింపి తిరిగి ఇవ్వడం నేను చేసే పని. ఇంగ్లిషు పుస్తకాలకు ఇందులో పెద్ద శ్రమ లేదు. కాలేజీలో కోహా సాఫ్ట్‌వేర్ ఉంటే ఐఎస్‌బీఎన్ కొట్టి వెతకమనడమే. జెడ్39.50 అనే పాత ఒప్పందం ప్రకారం (దాని మొదటి రూపం 1988ది, వెబ్‌కన్నా ముందుది) ఆ ప్రశ్న అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వెళ్లి, రచయిత, శీర్షిక, విషయం అన్నీ సర్దిన మార్క్ రికార్డును వెంటబెట్టుకుని వస్తుంది. ఇంజనీరింగ్ పుస్తకాల బీరువా ఒక పూటలో అయిపోతుంది.

తెలుగు బీరువా దగ్గరే పని ఆగుతుంది. ఐఎస్‌బీఎన్ ప్రపంచ ప్రమాణంగా వచ్చిందే 1970లో. అంతకుముందు అచ్చయినవాటికి ఆ నంబరు ఉండే అవకాశమే లేదు. సొంతంగా అచ్చు వేసుకునే కవులు ఇప్పటికీ దాని జోలికి పోని సందర్భాలు బోలెడు. కాబట్టి శీర్షికతో వెతకాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెలుగు పుస్తకాలకు కొదవేం లేదు. 1962లో ఢిల్లీలో తెరిచిన కార్యాలయం ద్వారా, గోధుమల పథకంగా మనకు తెలిసిన పీఎల్-480 డబ్బుతో, పెట్టెలకొద్దీ కొని పంపించారు. అయితే మార్క్ రికార్డులకు మొదట వాడిన అక్షరసంకేతాల పట్టికలో తెలుగు లిపికి చోటు లేదు. అందుకని ఆ పుస్తకాలన్నీ రోమన్ లిపిలో, అడుగున చుక్కలతో, నెత్తిన గీతలతో ఎక్కాయి. ఆ పద్ధతిలో 'చ'కు సీ ఒక్కటే. పక్కన హెచ్ చేరిస్తే 'ఛ' అయిపోతుంది. మనం అలవాటుగా సీ హెచ్ కొట్టి రచయిత చలాన్ని వెతుకుతాం. ఆయన సీ, ఏ, ఎల్, ఏ వరసలో కూర్చుని ఉంటాడు.

తెలుగు లిపిలో ఉన్న రికార్డులు దొరికినా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. 'వైతాళికులు' అన్న మాటలో 'వై'కి ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింది తోకా అని రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. రెంటినీ ముందే ఒక రూపంలోకి మార్చని ప్రోగ్రాముకు మాత్రం అవి వేర్వేరు మాటలు. ముద్దుకృష్ణ సంకలనం 'వైతాళికులు' అలమరలో ఉండగానే 'లేదు' అని జవాబొస్తుంది. ప్రచురణకర్తలు యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో పంపే పట్టీల సంగతి ఇక్కడ ఎత్తను. దానికి ఇంకో వారం కావాలి.

ఇవన్నీ కోడు రాసి దాటగలిగేవే. దాటలేనిది పేర్ల దగ్గర వస్తుంది. ధర్మవరం అని వెతికితే ఊరు, చీర, ఇంటిపేరు కలగలిసి వస్తాయి. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) పుట్టింది ఇక్కడే. సరస వినోదిని సభ పెట్టి 'చిత్రనళీయం' లాంటి నాటకాలు ఆడించింది బళ్లారిలో. ఆయన ఒకచోట రామకృష్ణమాచార్యులు, ఒకచోట కృష్ణమాచార్యులు, ఇంకోచోట రామకృష్ణాచార్యులు. ఇంగ్లిషులోకి పోతే చివర చార్లు, చార్య కూడా చేరతాయి. పైగా ఆంగ్లో-అమెరికన్ కేటలాగు నియమాల్లో ఒక మెలిక ఉంది. తెలుగువాళ్ల పేరును ఇంటిపేరు ఉంటే దాని కింద ఎక్కించాలి. ముందున్నది ఉత్త ఊరి పేరే అయితే అసలు పేరు కింద ఎక్కించాలి. మరి ధర్మవరం నుంచి వచ్చిన ధర్మవరంవారిని ఎక్కడ కూర్చోబెట్టాలి? మన వైపు ఏ తెలుగు మాస్టారిని అడిగినా చెప్తారు. ప్రోగ్రాము చెప్పలేదు.

ఇలాంటివి తేల్చి రాసిపెట్టేదాన్ని అథారిటీ రికార్డు అంటారు. మనిషికి ఒక నంబరు, ఆ నంబరు కింద ఆయన పేరుకున్న రూపాలన్నీ. జాతీయ గ్రంథాలయాల అథారిటీ రికార్డులను కలిపే వియాఫ్ లాంటి సర్వీసు చేసేదల్లా, ఎవరో ఒకరు కూర్చుని తేల్చినదాన్ని మోసుకొచ్చి ఇవ్వడం. తేల్చనిదాన్ని అదెక్కడ తెస్తుంది?

తేల్చినదాన్ని ఎక్కడ పెట్టాలన్నది రెండో ప్రశ్న. లైబ్రరీల ఉమ్మడి పట్టిక వరల్డ్‌క్యాట్‌లో ప్రోగ్రాముతో వెతకాలంటే లైబ్రరీకి చందా ఉండాలి. చిన్న ఊరి లైబ్రరీకి అది అయ్యే పని కాదు. ఉచితంగా ఇచ్చినవి నిలుస్తాయన్న నమ్మకమూ లేదు. ఒక ముద్రణ ఐఎస్‌బీఎన్ ఇస్తే మిగతా ముద్రణలవి చెప్పే ఎక్స్-ఐఎస్‌బీఎన్‌ను వరల్డ్‌క్యాట్ నడిపే ఓసీఎల్‌సీ 2016లో ఆపేసింది. డ్యూయీ నంబరు చెప్పే క్లాసిఫై 2024 జనవరిలో పోయింది. వాటి మీద ఆధారపడి రాసుకున్న కోడంతా ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. అందుకే మొత్తం డేటాను మూటగట్టి దింపుకోనిచ్చే చోట్లే నాకు ఇష్టం. ఓపెన్ లైబ్రరీ నెలనెలా ఆ మూట పెడుతుంది. వికీడేటా కూడా ఇస్తుంది. వికీడేటాలో పేరుకున్న రూపాలను తెలుగులోనే, ఎన్నయినా చేర్చొచ్చు. వియాఫ్ నంబరునూ అక్కడే కట్టొచ్చు. పట్టీలను సర్దే ఓపెన్‌రిఫైన్ నుంచి అడిగితే జవాబొస్తుంది.

ఓపెన్‌రిఫైన్ మంచి పనిముట్టు. 'ధర్మవరం' ముందున్నా వెనకున్నా ఒకే పేరని అదే పట్టేస్తుంది. ఉచ్చారణను బట్టి పోల్చే దాని పద్ధతులు మాత్రం ఇంగ్లిషు, జర్మన్ లాంటి భాషల కోసం చేసినవి, మనకు అక్కరకు రావు. అక్షరాల తేడాను కొలిచే పద్ధతిలో హద్దు బాగా పెంచితే, మన నాటక పితామహుణ్నీ ఆయన సోదరుడు ధర్మవరం గోపాలాచార్యులనూ ఒక్కరిగా కలిపెయ్యమంటావా అని అడుగుతుంది. గోపాలాచార్యులూ నాటకకర్తే, 'రామదాసు' ఆయనది. వద్దని నొక్కి, ఇద్దరికీ రెండు నంబర్లు చూసుకోవాలి. ఆ తర్వాత ఇద్దరి పేర్ల రూపాలూ ఒక్కొక్కటే చేర్చాలి. వికీడేటాలో ఖాతా తెరవడానికి రుసుమేమీ లేదు. తెలుగు టైపింగ్ వస్తే చాలు, కోడు రాయడం రానక్కర్లేదు.