నీటిరోబోలో మోటార్ల స్థానం

హ్యారీ బోమ్, విక్కీ జెన్సెన్ రచించిన ‘బిల్డ్ యువర్ ఓన్ అండర్‌వాటర్ రోబోట్ అండ్ అదర్ వెట్ ప్రాజెక్ట్స్’ అనే ఆంగ్ల గ్రంథం 1997లో వెలువడినది. నీటిలో మునిగి తిరిగే యంత్రాన్ని విద్యార్థి తన చేతులతో తయారు చేసుకొనవచ్చునని చూపిన గ్రంథమిది. ఇందులోని ‘సీ పెర్చ్’ నమూనా ప్రేరణతోనే 2003లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పాఠశాలల కొరకు ఒక కార్యక్రమం ప్రారంభమయినది.

ఈ నమూనా గొప్పతనమంతా దాని నిరాడంబరతలోనే ఉన్నది. ప్లాస్టిక్ గొట్టాల చట్రం, తేలుటకు తేలికయిన ముక్కలు, 12 వోల్టుల బ్యాటరీ, రెక్కలు బిగించిన మూడు చిన్న మోటార్లు - ఇవే ముఖ్యమైన సామగ్రి. రెండు మోటార్లు యంత్రాన్ని ముందుకు, వెనుకకు నడుపును. మూడవది పైకి, క్రిందికి నడుపును. మొదటి రెంటిలో ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు నెట్టినచో యంత్రం ఉన్నచోటనే తిరుగును. పుట్టికి ఒకేవైపు తెడ్డు వేసినచో అది గిర్రున తిరుగుటకు కారణమేదో, ఇక్కడను అదియే: బలము మధ్యరేఖకు దూరముగా పనిచేయుట.

ఇక లోపాలు. మోటార్లలోనికి నీరు చొరకుండ వాటిని కెమెరా ఫిలిం డబ్బాలలో ఉంచి, మైనముతో మూయవలెనన్నారు. ఆ డబ్బాలు నేడు అరుదు. ఇది చిన్న లోపమే. మరొక డబ్బా వెదకుకొనవచ్చును. మూడు మోటార్లతో యంత్రం ప్రక్కకు జరుగలేకపోవుట అంతకన్న పెద్ద లోపం. నాలుగు మోటార్లను 45 డిగ్రీల కోణంలో అమర్చినచో ఈ కొరత తీరును. కాని నాలుగూ నేరుగా ఉన్నప్పుడు లభించు బలంలో ముందుకు పనికివచ్చునది సుమారు 71 శాతమే. ప్రకృతిలో ఏదియు ఉచితముగా రాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది మోటార్ల ఎత్తు. నమూనాను చూచి కొలతలు దించుకొనెడి విద్యార్థి తప్పక తడబడునది ఇక్కడనే. ఉదాహరణకు, 2 కిలోల యంత్రాన్ని 4 న్యూటనుల బలంతో రెండు మోటార్లు నెట్టుచున్నవనుకొందము. అవి నీటి నిరోధము పనిచేయు రేఖకు 5 సెంటీమీటర్లు పైన ఉన్నచో, ముక్కును క్రిందికి వంచు భ్రామకము 0.2 న్యూటను-మీటరు. ఉత్ప్లవన కేంద్రము గరిమనాభికి 5 సెంటీమీటర్లు పైన ఉన్నచో, యంత్రం ఈ వంపును సుమారు 12 డిగ్రీల వద్ద నిలుపుకొనును. వేగము చాలలేదని మోటార్ల బలాన్ని రెట్టింపు చేసినచో వంపు సుమారు 24 డిగ్రీలకు పెరుగును. జబ్బు మోటారు బలంలో లేదు, స్థానంలో ఉన్నది. మోటార్లను నిరోధరేఖకు దించవలెను. తేలికముక్కలను పైన, బరువును అడుగున ఉంచవలెను.

ఈ చర్చ కేవలము ఆటబొమ్మను గూర్చినది కాదు. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు వ్యర్థాలు చేరి కలుషితమయిన నక్కవాగు మంజీరలో కలియును. ఈ కాలుష్యపు వ్యవహారం 1990లో సుప్రీంకోర్టు వరకు పోయినది. ఇట్టి నీటిలో పిల్లలు దిగరాదు. కాని చెరువులో ఏ లోతున ఎంత ఉష్ణోగ్రత ఉన్నదో గట్టున నిలిచియే కొలువగల రోబో సంగారెడ్డి, పటాన్‌చెరు పాఠశాలలకు నిజమైన ప్రయోగసాధనము కాగలదు. ముక్కు వాల్చి క్రిందికి జారెడి యంత్రం నిర్ణీతమైన లోతులో నిలువలేదు. దాని కొలతలను నమ్మరాదు.

కనుక ఈ గ్రంథాన్ని ఉపాధ్యాయులు స్వీకరింపదగును, కాని మక్కికి మక్కి అనుసరింపరాదు. మొదట పాఠశాల నీటితొట్టిలో దారముతో యంత్రాన్ని లాగి, ఏ ఎత్తున లాగిన అది వంగక నడచునో విద్యార్థులచేతనే కనుగొనిపింపవలెను. మోటార్లకు తగిన స్థానం ఆ ఎత్తే. పదవతరగతి విద్యార్థికి భ్రామకమును ఇంతకన్న చక్కగా బోధించు పాఠము అరుదు.