ఆగడం తెలిసిన ఆట

టీవీ సీరియల్లో నటిస్తాడు, డాన్సు చేస్తాడు, ర్యాప్ కూడా పాడతాడు అనగానే మనవాళ్లు పెదవి విరుస్తారు. అన్నిట్లోనూ వేలు పెట్టాడు, ఒక్కటీ కుదురుగా నేర్చుకోలేదంటారు. అమెరికాలో నల్లజాతి కుర్రాళ్లు పెంచి పోషించిన లాకింగ్, పాపింగ్ నాట్యాలు చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. అక్కడ నటన, నాట్యం, ర్యాప్ మూడింటికీ వేరు ఒక్కటే. ఎక్కడ ఆగాలో తెలియడమే ఆ వేరు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1970ల మొదట్లో లాస్ ఏంజిలస్‌లో డాన్ క్యాంబెల్ అనే విద్యార్థి ‘ఫంకీ చికెన్’ స్టెప్పు నేర్చుకోబోయి, చెయ్యి సగంలో బిగుసుకుపోయి నిలబడిపోయాడట. తోటివాళ్లు పగలబడి నవ్వారు. ఆయన ఉడుక్కోకుండా వాళ్ల వైపే వేలు చూపించాడట. ఆ నిలబడిపోవడమే లాక్, ఆ వేలు చూపడమే పాయింట్ అయ్యాయంటారు. ‘సోల్ ట్రైన్’ అనే టీవీ కార్యక్రమం ఆ స్టెప్పుల్ని దేశమంతా ఇంటింటికీ చేర్చింది. క్యాంబెల్, నర్తకి టోనీ బేసిల్ కలిసి ‘ది లాకర్స్’ బృందం కట్టారు. తక్కినది కళ్లారా చూడాల్సిందే.

ఒక మంచి లాకర్ చేతుల్నే గమనించండి. మణికట్టు తల పక్కన గిర్రున తిరుగుతుంది. చెయ్యి కిందికి జారుతూ, మోచెయ్యి బయటికి వంగి, పిడికిలి నేలవైపు చూస్తూ టక్కున బిగుస్తుంది. మోకాళ్లు కాస్త వంగుతాయి, వెన్ను కొంచెం ముందుకు వాలుతుంది. ఆ బిగువు తాళంలో ఒక్క దెబ్బ సేపే. మరుదెబ్బకి ఒళ్లంతా మళ్లీ వదులు. దీనికి జేమ్స్ బ్రౌన్ తరహా ఫంక్ సంగీతం కావాలి. అందులో బరువంతా మొదటి దెబ్బ మీద పడుతుంది, మిగతా దెబ్బల మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది. చేతకానివాడు ఆ ఖాళీని చూసి కంగారుపడి స్టెప్పులతో నింపేస్తాడు. చేతనైనవాడు అందులో హాయిగా నిలబడి, ప్రేక్షకుడి కళ్లలోకి చూసి నవ్వుతాడు. లాకింగ్‌లో ఆ నవ్వుకూ స్టెప్పంత విలువ ఉంది. అందుకే లాకర్లు హాస్యనటులైతే నాకు ఆశ్చర్యం కలగదు.

ఫ్రెడ్ బెర్రీ సంగతే చూడండి. లాకర్స్ బృందంలో ఆయన ముద్దుపేరు మిస్టర్ పెంగ్విన్. భారీ మనిషి. ఆ ఒళ్లేసుకుని అంత చులాగ్గా ఎలా ఆడాడో పాత వీడియోలు ఎన్నిసార్లు చూసినా అంతుపట్టదు. 1976లో ‘వాట్స్ హ్యాపెనింగ్!!’ అనే ఏబీసీ హాస్య ధారావాహికలో ఎర్రటోపీ, సస్పెండర్లు వేసుకుని రీరన్ పాత్రలోకి దిగాడు. లావాటి కమెడియన్ అని సరిపెట్టుకున్నవాళ్ల అమాయకత్వానికి జాలిపడాలి. జోకుకు ముందు ఆయన తీసుకునే విరామం అచ్చంగా లాక్ కొలతే.

పాపింగ్‌ది ఇంకో దారి. కాలిఫోర్నియాలోనే ఫ్రెస్నో ఊరికి చెందిన బూగలూ శామ్ దానికి పెద్దదిక్కు. 1977లో ‘ఎలక్ట్రిక్ బూగలూస్’ బృందం పెట్టాడు. ఇందులో కండరాన్ని దెబ్బకు బిగించి వెంటనే వదిలేస్తారు. తొడ, ఛాతీ, ముంజేయి, మెడ దేనికది విడిగా అదరాలి. దాన్నే ‘హిట్’ అంటారు. 1984లో వచ్చిన ‘బ్రేకిన్’’ సినిమాలో మైకేల్ చేంబర్స్ దుకాణం ముందు చీపురుతో ఆడిన ఘట్టం ఒక్కటి చూస్తే చాలు, ఈ విద్యకు వేరే పాఠ్యపుస్తకం అక్కర్లేదు.

టీవీలో ఈ పంట పండించుకున్నవాడు అల్ఫాన్సో రిబేరో. 1971లో న్యూయార్క్‌లో పుట్టాడు. పన్నెండేళ్లకే బ్రాడ్‌వేలో ‘ది టాప్ డాన్స్ కిడ్’ నాటకానికి నాయకుడు. మరుసటేడు మైకేల్ జాక్సన్‌తో పెప్సీ ప్రకటనలో ఆడాడు. 1990లో మొదలైన ‘ది ఫ్రెష్ ప్రిన్స్ ఆఫ్ బెల్ ఎయిర్’లో ర్యాపర్ విల్ స్మిత్ పక్కన కార్ల్‌టన్‌గా నిలిచాడు. ఆ పాత్రలో ఆయన వేసిందే కార్ల్‌టన్ స్టెప్పు: చేతులు రెండూ ఇటూ అటూ ఊపుతూ, చిటికెలేస్తూ, డాన్సు రానివాడు ఆడినట్టు ఆడే స్టెప్పు అది. రానట్టు ఆడాలంటే ఎంత వచ్చి ఉండాలి! తాళం ఒక్క పిసరు తప్పినా నవ్వు రాదు. 2014లో ‘డాన్సింగ్ విత్ ద స్టార్స్’ పోటీలో అదే స్టెప్పు మళ్లీ వేసి జనాన్ని ఊపేశాడు, పోటీ గెలిచాడు.

తర్వాతి తరంలో రోషాన్ ఫీగన్ ఉన్నాడు. 2008లో ‘క్యాంప్ రాక్’, 2010 నుంచి 2013 దాకా డిస్నీ వారి ‘షేక్ ఇట్ అప్’. నటన, డాన్సు, ర్యాప్ మూడూ ఉన్నవాడు. ర్యాప్‌లో ఒక బార్‌కు నాలుగు దెబ్బలు. చాలాచోట్ల ప్రాస నాలుగో దెబ్బ మీద వాలుతుంది. ఆ వాలే ముందు ఊపిరి తీసుకునే చోటు ముందే చూసి పెట్టుకోవాలి. ఒంటితో లాక్ వేయడం వచ్చినవాడికి నోటితో వేయడం ఎంతసేపు?

ఇక ఈ విద్యకు జరుగుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. ‘ఫోర్ట్‌నైట్’ వీడియోగేమ్‌లో కార్ల్‌టన్ స్టెప్పు లాంటిదాన్నే బొమ్మల చేత ఆడించి అమ్మారు. రిబేరో 2018లో కోర్టుకెక్కాడు. అది మామూలు స్టెప్పేనని, హక్కు ఇవ్వలేమని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2019లో తేల్చింది. ఆయన దావా వెనక్కి తీసుకున్నాడు. పాటలో ఒక ముక్క వాడుకుంటే లెక్క కట్టే లోకం, ఒంట్లోంచి పుట్టిన స్టెప్పుకు మాత్రం యజమాని లేడంటుంది! ఇది న్యాయమా?

మన ఇంటి సంగతి ఇంతకన్నా మెరుగ్గా లేదు. 1987లో ‘పసివాడి ప్రాణం’లో చిరంజీవి బ్రేక్ డాన్సు చేస్తే థియేటర్లు ఊగిపోయాయి. 1994లో ‘ప్రేమికుడు’ చూసి, ప్రభుదేవా ఒంట్లో ఎముకలున్నాయా లేవా అని ఊరూరా వాదించుకున్నాం. ఆ తరం వాళ్లు ఆగడం తెలిసి ఆడారు. ఇప్పటి టీవీ డాన్సు షోలలో పిల్లలు తాళ్లకు వేలాడతారు, నిప్పులు దాటుతారు, పల్టీలు కొడతారు. పిల్లల తప్పేం లేదు, వాళ్ల కష్టం చూస్తే కన్నీళ్లొస్తాయి. ప్రతి దెబ్బకీ కెమెరా మార్చేస్తే లాక్ ఎక్కడ కనిపిస్తుంది? న్యాయనిర్ణేతలు లేచి నిలబడి ఈలలు వేయడమే గానీ, ఆ పిల్లాడు తాళంలో ఉన్నాడో లేడో ఒక్కరూ చెప్పరు. లాకింగ్, పాపింగ్, బ్రేకింగ్ అన్నిటికీ గంపగుత్తగా ‘వెస్ట్రన్’ అని పేరు పెట్టి చేతులు దులుపుకుంటారు. కూచిపూడినీ కథకళినీ కలిపి ‘ఇండియన్’ అని ఎవరైనా కొట్టిపారేస్తే మనం ఊరుకుంటామా?

కార్యక్రమాలు చేసేవాళ్లకు నాదొక్కటే విన్నపం. వారానికి ఒక్క పాటైనా తాళ్లు, మంటలు లేకుండా పెట్టండి. కెమెరాను తలనుంచి కాళ్లదాకా కనిపించేలా ఒక్కచోట నిలపండి. స్టెప్పు ఏ పద్ధతిదో, దాని గురువెవరో తెరమీద రాయండి. డాన్ క్యాంబెల్, లాకర్స్ బృందంలో ఆయన సహచరుడు షబ్బా డూ ఇద్దరూ 2020లో కన్నుమూశారు. వాళ్ల స్టెప్పులతో టీఆర్పీలు తెచ్చుకునే చానళ్లకు వాళ్ల పేర్లు రాయడానికి ఖర్చేమీ కాదు. ఇక డాన్సు నేర్పే మాస్టార్లూ, పిల్లలకు పల్టీలు తర్వాత నేర్పుదురుగాని. ముందు దెబ్బ మీద నిలబడటం నేర్పండి.