‘క్వింటాలు’ ఎవరి మాట?

ముప్పాళ్ళ రైతు మిరపను క్వింటాళ్ళలో లెక్కిస్తాడు. ఈ మాట ఇంగ్లీషుదని తేల్చడం తొందరపాటు. ఇది ఫ్రెంచిలోనూ ఉన్నది. మూలం అరబ్బీ ‘ఖింతార్’. దివ్య ఖుర్ఆన్ 3:75లో, అప్పగించిన సొమ్మును తిరిగి ఇచ్చే నిజాయితీని చెప్పినచోట వచ్చిన పదమిదే. దీనిని ‘ధనరాశి’ అని అనువదిస్తే భావం దక్కుతుంది, తూకం జారిపోతుంది.

అయితే అరబ్బీ దగ్గరే ఆగి గర్వించడమూ విమర్శకు నిలవదు. ఖింతార్ వెనుక గ్రీకు, దాని వెనుక నూటికి సంబంధించిన లాటిన్ పదం ఉన్నాయి. నేటి క్వింటాలు 100 కిలోలు కావడంలో ఆ నూరే వినిపిస్తుంది. అట్లే ఫ్రెంచి ‘షిఫ్ర్’ (అంకె), ‘జెరో’ (సున్న) పదాలకు మూలమైన అరబ్బీ ‘సిఫ్ర్’, సంస్కృత ‘శూన్య’కు అనువాదం. పదమూ అమానతే, ఎవరి వద్ద పుచ్చుకొన్నదీ చెప్పడం పండితుని బాధ్యత.