వంక బతికే ఉందా?

ఆదోని కోట కొండల మీద, చుట్టూ ఉన్న గుట్టల మీద కురిసిన వాన చిన్న చిన్న వంకలై దిగుతుంది. నల్లరేగడి చేలు దాటి ఊరి శివార్లకు చేరుతుంది. ఈ వంకలు ఏడాది పొడుగునా పారవు. గట్టి వాన పడితే ఉరుకుతాయి, తర్వాత మడుగులు కడతాయి, ఎండాకాలానికి ఎండిపోతాయి. అందుకే ఆదోని, ఎమ్మిగనూరు శివార్లలో ఏప్రిల్‌లో కూడా వంక పారుతూ కనిపిస్తే, సంతోషించే ముందు ఆ నీళ్ళు ఎక్కడివో కనుక్కోవాలి. తుంగభద్ర దిగువ కాలువ కింద తడిసిన పొలాల ఊట కావచ్చు, ఇళ్ళ మురుగూ కావచ్చు. ఏదైందీ తేల్చి చెప్పేవి ఆ నీళ్ళలో బతికే పురుగులు.

పురుగుల్ని చూసి నీటి సంగతి చెప్పే విద్యకు వందేళ్ళు దాటాయి. మురుగు ఎంత ఉన్నచోట ఏ మొక్క, ఏ జంతువు నిలుస్తుందో జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ 1908, 1909లలో జాబితాలు కట్టారు. 1970ల చివరికి బ్రిటన్‌లో ఒక్కో పురుగు కుటుంబానికి 1 నుంచి 10 వరకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా మన నదులకు తగినట్టు ఇలాంటి కొలత తయారుచేసి, నీటిని అయిదు తరగతులుగా విడగొట్టింది.

సీసాలో నీళ్ళు పట్టి పరీక్షకు పంపితే చాలదా అంటే, చాలదు. సీసా ఆ ఒక్క గడియ సంగతే చెబుతుంది. మురుగు కలిసిన మడుగులో నాచు బాగా పెరుగుతుంది. పగలు ఎండకు అది ఆమ్లజనిని వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం కొలిస్తే అంకె ఘనంగా ఉంటుంది. రాత్రంతా ఆ నాచే ఆమ్లజనిని పీల్చుకుంటుంది. తెల్లవారుజామున అదే మడుగులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పైగా మన ఎండలకు నీళ్ళు కాగితే ఆమ్లజని నిలిచే చోటే తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు, 35 డిగ్రీల దగ్గర 7 లోపు. నెలల తరబడి ఆ రాత్రులన్నీ గడిపిన పురుగు మాత్రం ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

చేసే పని తేలికే. సన్నకన్ను వలను నీటివాలుకు పట్టి, దానికి ఎగువన నిలబడి మూడు నిమిషాలు కాళ్ళతో అడుగు కదపాలి. వలలో పడ్డదాన్ని తెల్లటి ట్రేలో కొద్దిగా నీళ్ళు పోసి వంచాలి. మొదట మట్టి, కుళ్ళిన ఆకు తప్ప ఏమీ కనిపించదు. కాస్త ఓపిక పట్టాలి. ఆకు ముక్క అనుకున్నది చటుక్కున ముందుకు దూకుతుంది. అది తూనీగ పిల్ల, వెనక నుంచి నీళ్ళు చిమ్ముకుంటూ కదులుతుంది. పొట్ట పక్కల మొప్పలు ఆడిస్తూ, తోకలా మూడు పోగులున్న పురుగు దొరికితే శుభవార్త. ఇసుక రేణువులు అంటించుకుని గూడు కట్టుకునే పురుగు దొరికితే ఇంకా మంచిది. అలా కాక ట్రే నిండా ఎర్రటి సన్నపురుగులే మెలికలు తిరుగుతుంటే మురుగు బాగా కలిసినట్టే. ఆమ్లజని అంతగా లేని బురదలోనూ దాన్ని పట్టి ఉంచుకునే రక్తవర్ణకం వాటి ఒంట్లో ఉంది, ఆ ఎరుపు దానిదే. వాటిలో కొన్ని దొరకడం తప్పు కాదు. అవి తప్ప ఇంకేమీ దొరకకపోవడమే రోగం.

నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఏడాదంతా పారే చల్లని నీళ్ళకు కట్టిన కొలబద్దను తెచ్చి మన వంకకు ఆనిస్తే అన్యాయమవుతుంది. రేగడి వంక వానలో బురదగా పారడం దాని స్వభావం, అది కాలుష్యం కాదు. ఎండటం కూడా జబ్బు కాదు. కాబట్టి పరాయి దేశపు నదితో కాకుండా అదే వంక ఊరికి ఎగువన ఎలా ఉందో దానితోనే పోల్చాలి. రెండు చోట్లా ఒకే రోజు, వానలు వెనకపట్టి నీళ్ళు తేరుకున్నాక, నవంబరు ప్రాంతంలో చూడాలి. మడుగులు ఇంకక ముందే మరోసారి చూడాలి.

ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన చోటు. నూలు అద్దకం జరిగే ఏ ఊళ్ళోనైనా రంగునీళ్ళ సంగతి విడిగా చూడాలి. రంగు కంటికి కనిపిస్తుంది, దాంతోపాటు వచ్చే ఉప్పు, సోడా కనిపించవు. జేబులో పట్టే మీటరు ముంచితే లవణాలు ఎంతున్నాయో తెలుస్తుంది. రేగడి ఊటలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి ఇక్కడా ఎగువ, దిగువ రెండూ కొలవందే మాట తొందరపడకూడదు.

గట్టు, అడుగు కూడా చూడాలి. వంక ఇసుకలో చెలిమ తవ్వి, ఊరిన నీళ్ళు తేటపడ్డాక ముంచుకునే అలవాటు మన పెద్దలది. ఆ ఇసుకే వడపోత, ఆ ఇసుక సందులే పురుగుల ఇళ్ళు. ఇసుక తోడేసిన చోట రెండూ పోతాయి. గట్టు మీద తుంగ, జమ్ము పోయి సర్కారు కంప ఒక్కటే కమ్ముకుందా, చెత్త పోసి వంకను ఇరుకు చేశారా అన్నది రాసుకోవాలి. వరద భయంతో రెండు పక్కలా, అడుగునా సిమెంటు వేయాలని అడిగేవారున్నారు. ఆ భయం నిజమైనదే. అయినా అడుగుకు సిమెంటు వేస్తే నీరు ఇంకదు, పురుగు నిలవదు. వంకకు పాత వెడల్పు తిరిగి ఇవ్వమని, మురుగును శుద్ధి చేశాకే వదలమని మునిసిపాలిటీని అడగాలి. అడిగేటప్పుడు ఎగువ ట్రేలో ఏం దొరికిందో, దిగువ ట్రేలో ఏం దొరకలేదో తేదీలతో రాసిన కాగితం చేతిలో ఉండాలి.