తుంగభద్ర ఒడ్డున ఛాయాచిత్రాలు

1856లో మద్రాసు సైన్యంలోని అధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా హంపి శిథిలాలను మైనం పట్టించిన కాగితపు నెగటివులపై చిత్రించారు. అప్పుడు హంపి, అనంతపురం రెండూ బళ్లారి జిల్లాలోనివే. 1882లోగాని మన జిల్లా వేరుపడలేదు. 1980 దశకంలో ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు జాన్ గాలింగ్స్ అవే తావుల్లో నిలిచి ఆ దృశ్యాలను మరల తీశారు.

ఈ జంట చిత్రాలలో సాధారణంగా మనము గోపురాలను చూచి, రాయల వైభవాన్ని తలచుకొని పుట తిప్పుతాము. వెనుకనున్న గ్రానైటు గుండ్లను చూడము. వాటి వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు.

ఆ గుండ్లను నునుపు చేసినదెవరు? తరగతిలో అడిగితే "నది" అంటారు. కాని గుండ్లు ఏటి ఒడ్డునే కాదు, కొండకొనలమీద కూడ ఉన్నాయి. అంత ఎత్తున నది పనిచేయలేదు. రాతిలోని పగుళ్లగుండా వాననీరు దిగి, ఫెల్‌స్పారు ఖనిజాన్ని మెల్లగా బంకమన్నుగా మార్చింది. మూలలను నీరు మూడువైపులనుండి తాకుతుంది గనుక అవే ముందు అరిగి, పలక గుండయింది. మన్ను కొట్టుకొనిపోగా గుండ్లు మిగిలాయి. రాయదుర్గం కొండపైనా ఇదే కథ.

అయితే ఛాయాచిత్రమే సత్యమని నమ్మరాదు. ఆ కాలపు వెండి లవణాలు నీలికాంతినే బాగా గ్రహించేవి. అందువల్ల నీలాకాశం తెల్లగా, ఎర్రని రాయి ఉన్నదానికంటె నల్లగా పడుతుంది. కాంతి చాలసేపు సోకవలసియుండుటచే పారే నీటి అలలు చెరిగిపోతాయి. మనిషి నిలబడని చోట గుండు ఎత్తు తెలియదు.

మరొక సంగతి. రెండు చిత్రాల నడుమ, 1953లో, హంపికి ఎగువన తుంగభద్ర ఆనకట్ట వచ్చింది. ఆ నీటిలో కొంత ఎగువ కాలువద్వారా మన మెట్టనేలకు చేరింది. బండలు అవే, ఏరు మాత్రం ఆనాటిది కాదు. చిత్రం మార్పును చూపుతుంది గాని, దాని కారణం మనమే వెదకాలి.

విజ్ఞానదృష్టితో చూస్తే వీటిలో లోపమేమంటే, శిల ఇక్కడ ప్రధానం కాదు, తెర మాత్రమే. ఆ లోపాన్ని మన పాఠశాలలు తీర్చవచ్చు. ఊరి గుట్ట ఎదుట ఒక గుర్తురాయి పాతండి. ఏటా అదే నెలలో, అదే వేళకు, అక్కడే నిలిచి చిత్రం తీయండి. ఒక విద్యార్థిని గుండు ప్రక్కన నిలపండి. ఒక్క అడుగు జరిగినా దగ్గరి గుండు, దూరపు గుండు పొంతన మారిపోతుంది. వెనుక తేదీ వ్రాయండి.

వాన కోట్ల ఏండ్లలో చెక్కిన గుట్టను రాతిగని కొద్ది ఏండ్లలో తినివేస్తుంది. గుట్ట పోయిన పిమ్మట చిత్రం తీయలేము.