లూథర్‌ను జబ్రియాలో చేర్చవచ్చునా?

దైవ నిర్ణయం, మానవ స్వేచ్ఛ అనే విషయంపై క్రైస్తవ మతవేత్తల మధ్య జరిగిన వాదాన్ని గురించి మనవారు వ్రాసేటప్పుడు ఒక సులభమార్గం తొక్కడం తరచుగా కనిపిస్తుంది. మన ఇల్మె కలాం గ్రంథాలలో రెండు పాత పేర్లు సిద్ధంగా ఉన్నాయి: మనిషికి ఏ శక్తీ లేదనే జబ్రియా, మనిషి చర్యలకు మనిషే సృష్టికర్త అనే ఖద్రియా. లూథర్‌ను మొదటి గూటిలో, ఎరాస్మస్‌ను రెండవ గూటిలో కూర్చోబెట్టి, ఈ రెంటికీ మధ్యగా అహ్లె సున్నత్ మార్గం ఉన్నదని చెప్పి వ్యాసం ముగిస్తారు. చదవడానికి ఇది హాయిగానే ఉంటుంది. కాని ఆ ఇద్దరి గ్రంథాలనూ తెరచి చూచినవారికి ఈ పొందిక నాలుగు పేజీలైనా నిలువదు.

ఎరాస్మస్ గ్రంథం 1524 సెప్టెంబరులో వెలువడింది. లూథర్ సమాధానం 1525 డిసెంబరులో వచ్చింది. ఇద్దరూ లాటిన్‌లోనే వ్రాశారు. ఎరాస్మస్ తన కాలపు యూరపులో అగ్రశ్రేణి పండితుడు. 1516లో కొత్త నిబంధన గ్రీకు మూలాన్ని అచ్చు వేయించినవాడు. లూథర్ జర్మన్ అనువాదానికి ఆధారం ఆ గ్రీకు ప్రతియే. పోపు పక్షంవారూ, ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ కూడా లూథర్‌కు వ్యతిరేకంగా కలం పట్టమని ఒత్తిడి తెచ్చినప్పుడు, ఎరాస్మస్ పోపు అధికారాన్ని గాని, పాపక్షమా పత్రాల అమ్మకాన్ని గాని సమర్థించడానికి పూనుకోలేదు. ఈ ఒక్క ప్రశ్నను ఎన్నుకున్నాడు. అందుకు లూథర్ తన ప్రత్యర్థికి ధన్యవాదాలు చెప్పడం విశేషం. ఇతరులు తనను చిల్లర తగవులతో విసిగించారనీ, అసలు మర్మం మీద చేయి వేసినవాడు ఎరాస్మస్ ఒక్కడేననీ అతను అంగీకరించాడు. 1537లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో, తన రచనలలో నిలువదగినవి బహుశా ఈ పుస్తకమూ, పిల్లలకోసం వ్రాసిన ప్రశ్నోత్తర గ్రంథమూ మాత్రమేనన్నాడు. అంటే ఇది అతని ఆలోచనకు అంచున ఉన్న విషయం కాదు, నడిబొడ్డు.

అనువాదకునికి మొదటి చిక్కు శీర్షికల వద్దనే ఎదురవుతుంది. లాటిన్‌లో వారు వాడిన మాట 'అర్బిట్రియం'. దీనిని మనం 'ఇచ్ఛ' అనీ, 'సంకల్పం' అనీ అనువదిస్తాం. కాని అది తగవు తీర్చే మధ్యవర్తిని సూచించే పదం నుండి వచ్చింది; తీర్పరి చేసే నిర్ణయం అని దాని భావం. ఎరాస్మస్ గ్రంథం పేరు 'స్వేచ్ఛా నిర్ణయాన్ని గురించి'. లూథర్ గ్రంథం పేరు 'బానిస నిర్ణయాన్ని గురించి'. ఈ రెండవ మాట లూథర్ సొంతం కాదు, అయిదవ శతాబ్దపు సెయింట్ అగస్టీన్‌ది. ఇక మన ఉర్దూ రచయితలు ఇక్కడ వాడే 'ఇఖ్తియార్' అనే అరబీ పదం 'ఖైర్' నుండి, అంటే మేలు నుండి పుట్టింది. మేలైనదానిని ఏరుకోవడం ఇఖ్తియార్. ఒకే ప్రశ్న అనుకొని మనం పక్కపక్కన పెడుతున్న ఈ పదాలు వేర్వేరు నేలల్లో మొలిచినవి.

ఎరాస్మస్ ఇచ్చిన నిర్వచనం చూడండి. నిత్య రక్షణకు దారితీసే వాటివైపు తనను తాను మరల్చుకోవడానికో, వాటినుండి తొలగిపోవడానికో మనిషికున్న శక్తియే స్వేచ్ఛా నిర్ణయమని అతని అభిప్రాయం. దానిని వివరించడానికి అతను చెప్పిన ఉపమానం మనసుకు హత్తుకొనేది. ఇంకా నడక రాని పసివాడు కింద పడ్డాడు. తండ్రి లేవనెత్తాడు, ఎదురుగా ఒక ఆపిల్ పండు చూపాడు, పట్టుకొని నడిపించాడు, చివరకు పండు చేతిలో పెట్టాడు. తండ్రి ఎత్తకుంటే బిడ్డ లేచేవాడు కాదు, చూపకుంటే చూచేవాడు కాదు. ఘనతంతా తండ్రిదే. అయినా బిడ్డ ఏమీ చేయలేదని అనగలమా? ఇలా చెప్పినవానిని ఖద్రీ అనడం అన్యాయం. మనిషి చర్యకు మనిషే సృష్టికర్త అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. ఉన్నది దైవానుగ్రహం ముందు ఒక చిన్న కదలిక మాత్రమే.

లూథర్ సంగతి మరింత ఆశ్చర్యకరం. మనిషి నిర్ణయం స్వారీ పశువు వంటిదనీ, దైవం ఎక్కితే దైవం చెప్పినవైపు, సాతాను ఎక్కితే సాతాను చెప్పినవైపు పోతుందనీ, తన రౌతును తానే ఎంచుకొనే శక్తి దానికి లేదనీ అతను వ్రాసిన మాట ప్రసిద్ధం. మనవారు ఇక్కడే పుస్తకం మూసివేసి జబ్రియా ముద్ర కొడతారు. కాని ఆ గ్రంథంలోనే లూథర్ తనకంటె కిందివాటి విషయంలో, అనగా ధనం, ఆస్తి, లౌకిక వ్యవహారాలలో మనిషికి నిర్ణయ స్వేచ్ఛ ఉన్నదని ఒప్పుకున్నాడు. లేనిది తనకంటె పైవాటి విషయంలో, రక్షణ విషయంలో. పైగా దుష్టుడు మెడపట్టి ఈడ్వబడి పాపం చేయడం లేదనీ, ఇష్టపడే చేస్తాడనీ, కాని ఆ ఇష్టాన్ని మార్చుకోవడం అతని చేతిలో లేదనీ అతని వాదం. జహ్మ్ బిన్ సఫ్వాన్ దృష్టిలోనో, చెట్టు కదిలిందన్నట్లు, సూర్యుడు అస్తమించాడన్నట్లు మాత్రమే మనిషి చేశాడని అంటాం; బజారులో బేరమాడే మనిషికీ, గాలికి ఊగే కొమ్మకూ తేడా లేదు. లూథర్ ఆ మాట అనలేదు. అతని ప్రశ్నే వేరు.

ఆ ప్రశ్నకు వేరు హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) వృత్తాంతంలో ఉంది. ఆదాము పాపం అతని సంతతినంతటినీ చెరపట్టిందనీ, మానవజాతి మొత్తం నాశనానికి అర్హమైన ఒకే ముద్ద అనీ, అందులోనుండి దైవం తన దయవల్ల కొందరిని ఏరుకుంటాడనీ అగస్టీన్ బోధించాడు. మనిషి స్వశక్తితోనే మంచివాడు కాగలడన్న పెలాజియస్ బోధను 418లో కార్తేజ్ సభ ఖండించింది. 529లో ఆరెంజ్ సభ దైవానుగ్రహమే ముందు అడుగు వేస్తుందని తీర్మానించింది. 1547లో ట్రెంట్ మహాసభ, ఆదాము తర్వాత స్వేచ్ఛ పూర్తిగా నశించిందన్న లూథర్ పక్షం మాటను తోసిపుచ్చింది. వీటన్నింటిలోనూ చర్చ ఒకటే: పతనమైన మనిషిలో ఇంకా ఏమి మిగిలింది? మన ముతకల్లిమీన్ల చర్చ ఇది కాదు. చర్యను సృష్టించేది ఎవరు, సృష్టించేది అల్లాహ్ అయితే శిక్షలో న్యాయం ఎలా అన్నది వారి చర్చ. ఇమామ్ అష్అరీ చెప్పిన 'కస్బ్', అనగా అల్లాహ్ సృష్టించిన చర్యను మనిషి ఆర్జించడం, ఆ ప్రశ్నకే సమాధానం. దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ ఆదం పశ్చాత్తాపపడ్డారు, అల్లాహ్ ఆ తౌబాను స్వీకరించాడు (బఖరా, 37). ఒకరి బరువు మరొకరు మోయరన్నది స్పష్టంగా చెప్పబడింది (ఫాతిర్, 18). వారసత్వపు పాపం లేనిచోట లూథర్ ప్రశ్న పుట్టదు. 'షర్హె అఖాయెద్' చదువుకున్న విద్యార్థి ఆ పుస్తకంతో లూథర్‌ను ఖండించబోతే, అడగని ప్రశ్నకు జవాబు చెప్పినట్లవుతుంది. ఖండించవలసినది ఏదైనా ఉంటే అది ఆ వేరు దగ్గరే ఉంది, కొమ్మల దగ్గర కాదు.

'ఎన్నిక' అనే మాట విషయంలోనూ ఇంతే. తెలుగు బైబిలులో 'ఏర్పాటు', 'ఏర్పరచుకొనుట' అన్న మాటలు కనిపిస్తాయి. రోమీయులకు వ్రాసిన పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో పౌలు, యాకోబు ఏశావులు పుట్టకముందే దైవ సంకల్పం ఒకరిపై నిలిచిందని చెప్పి ఈ మాట వాడాడు. క్రమంగా ఎన్నిక అంటే రక్షణ పొందేవారి ఎన్నిక అయింది. ఖుర్ఆన్‌లోనూ 'ఇస్తఫా' ఉంది: అల్లాహ్ ఆదంను, నూహ్‌ను, ఇబ్రాహీం కుటుంబాన్ని, ఇమ్రాన్ కుటుంబాన్ని ఎన్నుకున్నాడు (ఆలి ఇమ్రాన్, 33). కాని అది ముందుగా ఒక బాధ్యతకు ఎన్నిక. తన సంతతి సంగతేమిటని హజ్రత్ ఇబ్రాహీం అడిగినప్పుడు, ఆ వాగ్దానం దుర్మార్గులకు వర్తించదన్న సమాధానం వచ్చింది (బఖరా, 124).

ఇది పండితుల గదిలో ముగిసిన వాదం కాదు. హాలండులో ఆర్మీనియస్ అనే ఆచార్యుడు, ఎవరు విశ్వసిస్తారో దైవం ముందే ఎరిగి వారిని ఎన్నుకుంటాడని బోధించి 1609లో మరణించాడు. మరుసటి ఏడు అతని అనుయాయులు అయిదు అంశాల విన్నపం సమర్పించారు. 1618-19లో డార్ట్ నగరంలో జరిగిన సభ వారి మతాన్ని త్రోసిపుచ్చింది. రాజకీయ వైరం దీనితో కలిసిపోగా, వారికి అండగా నిలిచిన వృద్ధ రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ 1619 మే నెలలో శిరచ్ఛేదానికి గురయ్యాడు. అదే పక్షానికి చెందిన న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్ కారాగారంలో పడ్డాడు. దూరదేశాలలో ముస్లింలతోనూ, ఇతరులతోనూ వాదించవలసివచ్చే డచ్చి నావికుల కోసం అతను అక్కడ క్రైస్తవాన్ని సమర్థిస్తూ ఒక పద్యగ్రంథం వ్రాశాడు. దాని చివరి భాగం ఇస్లాం ఖండనకే కేటాయించాడు. ఆ రోజులలో డచ్చివారికి కుతుబ్‌షాహీల మచిలీపట్నంలో వర్తకశాల ఉండేది. ఎన్నికపై తన మతస్థులతోనే తగవుపడి చెరసాల పాలైనవాడు మనపై వాదానికి ఆయుధాలు సిద్ధం చేయడం చరిత్రలోని వింతలలో ఒకటి.

లూథర్ గ్రంథంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన భాగం చివరిది. తనకు స్వేచ్ఛ ఇస్తామన్నా వద్దంటానని అతను వ్రాశాడు. రక్షణ తన ప్రయత్నంపై ఆధారపడి ఉంటే, ఎంత చేసినా చాలిందో లేదో తెలియక మనస్సాక్షి కుదుటపడదని అతని బాధ. మఠంలో ఏండ్ల తరబడి ఉపవాసాలు, జాగరణలు చేసినవాని మాట ఇది, తేలికగా కొట్టివేయరాదు. మన పెద్దలు ఈ భయానికి మందు నిశ్చయంలో వెదకలేదు. విశ్వాసి ఖౌఫ్, రజాల నడుమ, భయం ఆశల నడుమ జీవించాలన్నారు. లూథర్ ఆ రెంటిలో ఒకదానిని తుడిచివేయాలని చూచాడు. అయితే మనం ఆ సమతూకాన్ని నిలుపుకున్నామా? 'నసీబ్‌లో లేదు' అని చేతులు ముడుచుకొని కూర్చునేవారు మన మొహల్లాలలో తక్కువ కాదు. అల్లాహ్ తలచి ఉంటే మేము షిర్క్ చేసేవాళ్లమే కాదన్న ముష్రికుల సాకును ఖుర్ఆన్ తిరస్కరించింది (అన్ఆమ్, 148). మహమ్మారి వ్యాపించిన సిరియాలో ప్రవేశించక వెనుదిరిగిన హజ్రత్ ఉమర్ (రజి అల్లాహు అన్హు), అల్లాహ్ తఖ్దీర్ నుండి పారిపోతున్నారా అని అడిగితే, ఒక తఖ్దీర్ నుండి మరొక తఖ్దీర్ వైపుకే పోతున్నానన్నారు. జబ్రియా ముద్ర ఇతరులపై వేయడానికి తొందరపడేవారు ఈ సంఘటనను ముందు ఇంట్లో చదివితే మంచిది.

ఇక ఫిరౌన్. ఇద్దరి పోరాటం అత్యంత తీవ్రంగా జరిగింది ఇక్కడే. నిర్గమకాండంలో దైవం ఫరో హృదయాన్ని కఠినపరచినట్లూ ఉంది, ఫరోయే తన హృదయాన్ని కఠినపరచుకున్నట్లూ ఉంది. ఎరాస్మస్ ప్రాచీనుడైన ఒరిజెన్‌ను అనుసరించి, ఒకే వాన దున్నిన నేలలో పంటనూ, దున్నని నేలలో ముండ్లనూ మొలిపిస్తుందనీ, ఒకే ఎండ మైనాన్ని కరిగించి మట్టిని గట్టిపరుస్తుందనీ అన్నాడు. దైవం చూపిన సహనమే ఫరోను మొండివానిని చేసిందని తాత్పర్యం. లూథర్ దీనిని ఎగతాళి చేశాడు. అతని సొంత ఉపమానం కుంటి గుర్రం: రౌతు నేర్పరియే, కాని గుర్రం కుంటిది గనుక నడక కుంటిగా సాగుతుంది, నడిపించేది దైవం, కుంటితనం గుర్రానిది. ఉపమానం పదునైనదే. కాని గుర్రం పుట్టుకతోనే ఎందుకు కుంటిది అన్న ప్రశ్నకు లూథర్ జవాబు పరలోకపు వెలుగులో తెలుస్తుందనడమే. ఎరాస్మస్ వాన బీడు నేలను గురించి ఆ మాత్రం కూడా చెప్పదు.

ఖుర్ఆన్ కూడా హృదయాలపై ముద్రను గురించి చెప్పింది. కాని ఆ ముద్ర వారి తిరస్కారం వల్లనే పడిందనీ (నిసా, 155), వారు వక్రించినప్పుడే అల్లాహ్ వారి హృదయాలను వక్రింపజేశాడనీ (సఫ్, 5) కూడా చెప్పింది. ఫిరౌన్ హృదయాన్ని కఠినం చేయమని కోరినది హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ప్రార్థన. అదీ నిదర్శనాలన్నీ చూపిన తర్వాత (యూనుస్, 88). లూథర్ ఈ వాక్యాలను ఎరుగక వ్రాశాడు. అతను ఖుర్ఆన్ లాటిన్ అనువాదాన్ని చూచింది 1542లో, తన గ్రంథం వెలువడిన 17 ఏండ్లకు. అప్పటికి ఎరాస్మస్ చనిపోయి ఆరేండ్లయింది. బాసెల్ నగర పాలకులు ఆ అనువాదం ముద్రణను ఆపివేసినప్పుడు దానిని అచ్చు వేయనిమ్మని కోరినవారిలో లూథర్ ఒకడు. 1543 ముద్రణకు పీఠిక కూడా వ్రాశాడు. ఖండించడానికే అయినా చదవనివ్వాలన్నాడు.

ఆ పుస్తకంలో తాహా సూరా కూడా ఉంది. ఫిరౌన్ విశ్వసించడని ఎరిగిన అల్లాహ్, మూసా, హారూన్‌లను అతని వద్దకు పంపుతూ మెత్తగా మాట్లాడమన్నాడు. బహుశా అతను గ్రహిస్తాడేమో, భయపడతాడేమో అన్నాడు (తాహా, 44). అన్నీ ఎరిగినవాని మాటలో ఈ 'బహుశా' ఏమిటని అడిగినవారికి, ఆ ఆశ మూసా, హారూన్‌లదని, ఆ ఆశతోనే వారు ఫిరౌన్ ముందు నిలబడాలని మన వ్యాఖ్యాతలు వివరించారు.