వాంగ్మూలం ఎవరి ఖర్చుతో?

మానవ హక్కుల సంస్థ అనగానే మనలో చాలామందికి ఒక బొమ్మ కనిపిస్తుంది. ఏసీ హాల్లో వర్క్‌షాపు, మెడలో ఐడీ కార్డు, చివర్లో ఒక రిపోర్టు, దాని అట్ట మీద ఏదో యూరప్ దేశం లోగో. పాలస్తీనాలో ఈ బొమ్మని మనకంటే చేదుగా చూసేది పాలస్తీనీయులే. ఆ చేదు గురించి లోరీ ఆలెన్ అనే మానవశాస్త్రవేత్త 2013లో రాసిన పుస్తకం ‘ది రైజ్ అండ్ ఫాల్ ఆఫ్ హ్యూమన్ రైట్స్’. ఇప్పుడు చదువుతుంటే, ఆమె చెప్పింది నిజమే అనిపిస్తుంది. కథ అక్కడితో ఆగలేదు కదా అని కూడా అనిపిస్తుంది.

1979లో రమల్లాలో రాజా షెహాదే, మరికొందరు లాయర్లు కలిసి అల్-హక్ సంస్థ పెట్టారు. మనం రోజూ వాడే ‘హక్కు’ ఆ అరబిక్ మాట నుంచి వచ్చిందే. వాళ్ళ పనిలో ఆర్భాటం తక్కువ. సైనిక ప్రభుత్వం జారీ చేసే ఉత్తర్వులు పోగుచేసి చదవడం, ఊళ్ళు తిరిగి ఇళ్ళు కూలినవాళ్ళ దగ్గర, జైళ్ళలో దెబ్బలు తిన్నవాళ్ళ దగ్గర వాంగ్మూలాలు రాసుకోవడం. అతిశయోక్తి లేకుండా నిజం రాస్తే లోకం వింటుందని వాళ్ళ నమ్మకం. ఆలెన్ ఈ తొలిరోజుల గురించి గౌరవంగా రాస్తారు.

1993 ఓస్లో ఒప్పందం తర్వాత డబ్బు వచ్చింది. సంస్థలు పెరిగాయి, జీతాలొచ్చాయి, ప్రాజెక్టు గడువులొచ్చాయి. ఏ బాధ గురించి రాయాలో దాత అప్లికేషన్ ఫారమే చెప్పే పరిస్థితి వచ్చింది. పాలస్తీనా అథారిటీ భద్రతా దళాలకి మానవ హక్కుల శిక్షణ ఇచ్చే తరగతుల గురించి ఆలెన్ రాసిన భాగం ఈ పుస్తకానికి ప్రాణం. దళాలకీ దాతల డబ్బే, పాఠాలకీ దాతల డబ్బే. 2021 జూన్‌లో, అథారిటీని గట్టిగా విమర్శించే నిజార్ బనాత్‌ని ఆ దళాలే హెబ్రోన్‌లో పట్టుకెళ్ళాయి. ఆయన వాళ్ళ అదుపులోనే చనిపోయాడు. అథారిటీకి నిధులు ఆపమని అంతకు కొద్దివారాల ముందే యూరప్‌ని అడిగిన మనిషి ఆయన.

జనం ‘హక్కులా, అదో ఉద్యోగం’ అని నవ్వడాన్ని ఆలెన్ నిరాశ అనుకోరు. ఇలా ఉండకూడదని ఇంకా నమ్మేవాళ్ళే అలా నవ్వగలరని అంటారు. బాగుంది. నా పేచీ మాత్రం పేరులోని ‘ఫాల్’తో. ఇదంతా పడిపోయిన పరిశ్రమే అయితే, దాన్ని మూయించడానికి ఆ తర్వాత ఇంత కష్టపడ్డారెందుకు?

2021 మేలో యూరోపియన్ కమిషన్ అల్-హక్ నిధులు ఆపింది. అక్టోబర్‌లో ఇజ్రాయెల్ అల్-హక్, అద్దమీర్ సహా ఆరు సంస్థల్ని ఉగ్రవాద సంస్థలంది. సరైన ఆధారాలు చూపలేదని తొమ్మిది యూరప్ దేశాలు మరుసటి ఏడాది జూలైలో తేల్చాయి. ఆపిన నిధులు కూడా 13 నెలల తర్వాత విడుదలయ్యాయి. కానీ ఆ 13 నెలల జీతాలు, పరువు ఎవరిస్తారు? అనుమానం పుట్టించడానికి ఒక్క ప్రకటన చాలు. అది పోగొట్టుకోవడానికి ఏళ్ళు కావాలి.

కొందరు ముందే కాదన్నారు. ఉగ్రవాద జాబితాల షరతుని యూరోపియన్ యూనియన్ గ్రాంటు ఒప్పందాల్లో చేర్చినప్పుడు, శరణార్థుల హక్కుల మీద పనిచేసే బదిల్ సంతకం పెట్టలేదు. గ్రాంటు పోయింది. మన దగ్గర మానవ హక్కుల వేదిక లాంటి సంఘాలు సంస్థాగత నిధులు ముట్టుకోకుండా, సభ్యుల చందాలతో నిజనిర్ధారణకి వెళ్తాయి. ఆ సంప్రదాయం చూసినవాళ్ళం కాబట్టి ‘ఫండింగ్ తీసుకుంటే ఇంతే మరి’ అనేయడం మనకి తేలిక. నేనూ అనేవాణ్ణి. కానీ చెక్‌పోస్టుల మధ్య ముక్కలైన చోట, బాంబుల కింద ఉన్న గాజాలో, హేగ్ కోర్టుకి పనికొచ్చే సాక్ష్యం ఏళ్ళ తరబడి సేకరించడం సెలవురోజుల్లో అయ్యే పని కాదు.

హేగ్ దగ్గరికొచ్చేసరికి అసలు గుట్టు బయటపడింది. 2025 సెప్టెంబర్‌లో అమెరికా అల్-హక్‌తో పాటు గాజాకి చెందిన అల్-మెజాన్, పాలస్తీనియన్ సెంటర్ ఫర్ హ్యూమన్ రైట్స్ మీద ఆంక్షలు పెట్టింది. దానికి చెప్పిన కారణం, ఇజ్రాయెలీయుల మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు విచారణకి ఇవి తోడ్పడ్డాయని. ముప్పై ఏళ్ళు ‘చట్టం భాషలో మాట్లాడండి’ అని పాఠాలు చెప్పిన లోకంలో, ఆ భాషతో నిజంగానే కోర్టుకెళ్ళడం నేరమైంది. వర్క్‌షాపు పెట్టినంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు.

డబ్బు గొంతుని ఎలా మెత్తబరుస్తుందో ఆలెన్ చూపించారు. మెత్తబడని గొంతుకి ఏమవుతుందన్నది ఆమె పుస్తకం తర్వాతి అధ్యాయం. 2022 ఆగస్టు 18న ఇజ్రాయెల్ సైనికులు రమల్లాలో ఈ సంస్థల ఆఫీసుల్లోకి చొరబడి, తలుపులకి ఇనప రేకులు వెల్డింగ్ చేసి పోయారు. అల్-హక్ వాళ్ళు ఆ రేకు పీకేసి మళ్ళీ లోపలికెళ్ళారు. లోపల 1979 నుంచి పోగైన వాంగ్మూలాలున్నాయి. చెప్పినవాళ్ళలో చాలామంది ఈపాటికి లేకపోవచ్చు. ఆ కాగితాలకి ఎవరు డబ్బిచ్చారన్నది అడగాల్సిన ప్రశ్నే. వాటిలో ఏముందో చదివాక అడుగుదాం.